తెడ్డు పట్టింది నేనే

మొన్న ఆదివారం మా అన్న కొడుకు సిద్దిపేటలోని మా ఇంటికి వచ్చి, వరండాలో చాప పరిచి, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చేపలు పట్టే సామానంతా ఒక్కొక్కటే బయటికి తీసి నా ముందర పేర్చాడు. మడిస్తే చేతిసంచిలో పట్టే గడ, గిరగిరా తిరిగే రీలు, వెంట్రుకంత సన్నగా ఉండి కూడా తెగని దారం, ఎర్ర కళ్ళు అతికించిన ప్లాస్టిక్ చేపపిల్లలు. మా ఊరి పక్కన రిజర్వాయరు నిండినప్పటి నుంచి వాడికి సొంతంగా ఒక ఫైబర్ పడవ ఉంది, దానికి ఈమధ్యే చిన్న మోటారు కూడా బిగించుకున్నాడు. పడవ పోతుంటే వెనక గాలం ఈడ్చుకుంటూ పోయి వాలుగల్ని పట్టాలని వాడి కోరిక. నోటి నిండా పళ్ళున్న వాలుగ ఎంత మొండి చేపో మన చెరువుల పక్కన పెరిగినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు.

"అత్తా, నువ్వు తాతతోని పడవల పోయేదానివంట గదా, దారం ఎంత ఇడవాలె, పడవ ఎంత జోరు నడపాలె, జర చెప్పు" అని అడిగి, ఆ వెంటనే నవ్వుతూ, "తాత లెక్క చెయ్యి వదులై చేపను పోగొట్టుకోవద్దు గదా మరి" అన్నాడు. వాడి తప్పేం లేదు. మా ఇంట్లో నలభై ఏళ్ళకు పైగా ఆ మాట అలాగే నడుస్తోంది, పెళ్ళిళ్ళలో, చావుల్లో, నలుగురు కూర్చున్న ప్రతిచోటా ఎవరో ఒకరు దాన్ని తీస్తారు, అందరూ నవ్వుతారు, నేను కూడా నవ్వినట్టు ముఖం పెడతాను. ఆ రోజు మాత్రం నవ్వలేకపోయాను. ప్లాస్టిక్ చేప కంటిని గోటితో గీకుతూ తల దించుకుని కూర్చుండిపోయాను.

వాడు అడిగినవన్నీ చెప్పాను. మాది చిన్నకోడూరు దగ్గరి పల్లె. మా పెద్ద చెరువులో చేపలోళ్ళ సంఘానికి ఒకే ఒక్క రేకు పడవ ఉండేది, అతుకులకు ఏటా తారు పూసేవాళ్ళు, అయినా నీళ్ళు ఊరుతూనే ఉండేవి, ఎత్తిపోయడానికి ఒక నూనె డబ్బా కాళ్ళ దగ్గర పెట్టుకునేవాళ్ళం. బాపు, అంటే మా నాన్న, వెనక అంచున ముఖం వెనక్కి పెట్టి కూర్చునేవాడు. వెనక బరువు ఎక్కువైతే పడవ ముక్కు పైకి లేస్తుంది, లేచిన ముక్కును గాలి ఎటు పడితే అటు తిప్పేస్తుంది, అందుకని ముందు వైపు ఒక ఇసుక సంచి వేసేవాడు. గాలానికి పైన ఒక ఇత్తడి బిళ్ళ కట్టేవాడు. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్ళం, పుట్టింటి నుంచి తెచ్చుకున్న పళ్ళెం అంచు కత్తిరించి, సుత్తితో కొద్దిగా వంచి చేసిన బిళ్ళ అది, నీళ్ళలో తళుక్కు తళుక్కుమని అచ్చం బెదిరిన చేపపిల్లలా పోయేది. వాలుగ పళ్ళకు నైలాన్ దారం నిలవదు కాబట్టి గాలం దగ్గర జానెడు మేర పాత సైకిల్ బ్రేకు తీగ, దానికి పైన లోతును బట్టి సీసం గుళ్ళు. దారం ఇరవై బారలు వదలాలి, నీళ్ళు తేటగా ఉంటే ఇంకో ఐదు. దాన్ని పడవకు కట్టేయకూడదు, చూపుడు వేలి మీదుగా చేతిలోనే ఉంచుకోవాలి, ఎందుకంటే చేప మొదట ముట్టి చూస్తుంది, ఆ ముట్టడం వేలికే తెలుస్తుంది. వాడు ఫోనులో అన్నీ రాసుకున్నాడు.

వాడు అడగనిది ఒకటుంది, అదే అసలైనది. ఈ వేటలో గాలం పట్టిన మనిషి సగమే, మిగతా సగం తెడ్డు పట్టిన మనిషి. పడవ, మేత నుంచి ఇంటికి వచ్చే బర్రె నడిచినట్టు నడవాలి, జోరైతే బిళ్ళ పైకి తేలిపోతుంది, నెమ్మదైతే అడుగున తుమ్మ మొద్దులకు తగులుకుంటుంది. చేప పట్టుకున్నాక తెడ్డు ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఆగితే దారం సడలుతుంది, సడలితే చేప పడవ కిందికి దూరుతుంది, పైగా మాది రేకు పడవ, దాని అంచు కొడవలి కన్నా తక్కువేం కాదు. మొదట్లో ఆ తెడ్డు మా అన్నది. అన్న మగ్గాల పనికని భివండీ పోయాక, ఇంకెవరూ లేక, నా చేతికి వచ్చింది. అప్పుడు నాకు పదమూడేళ్ళు. ఆడపిల్ల పడవెక్కడమేమిటని కొందరు అన్నారు గానీ, దీనంత సమంగా ఎవరూ వేయరని బాపు సంఘంలో పదిమంది ముందూ చెప్పి వాళ్ళ నోళ్ళు మూయించాడు. ఆ మాట విని రెండు రోజులు నేను నేల మీద నడవలేదు.

అంత గర్వం సిద్దిపేటలో ఇంటరు చేరగానే ఎటు పోయిందో. బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒకసారి ముక్కు మూసుకుని కిటికీ వైపు తిరిగింది. ఆ రోజు నుంచి నేను రోజూ రెండుసార్లు సబ్బు రాసుకుని స్నానం చేసేదాన్ని, అరచేతుల్లో తెడ్డు కాయలు కనపడకుండా పుస్తకాలు గుండెకు అదుముకుని నడిచేదాన్ని. మీ బాపు ఏం చేస్తాడని బస్సులోని కాలేజీ అమ్మాయిలు అడిగితే, వ్యవసాయమని చెప్పాను. ఎంత భూమి అని అడిగితే దానికి కూడా నోటికొచ్చింది చెప్పాను. మాకు చారెడు జాగా కూడా లేదు. తెల్లవారుజామున తెడ్డు వేసి వచ్చి, అదే చేత్తో నోట్సు రాసుకుంటూ, బాపును నా నోటితోనే ఇంకెవరినో చేసేశాను.

ఆ ఎండాకాలం సంఘంలో పడవ గురించి పెద్ద తగువైంది. ఒక్క మనిషి గాలం కోసం పడవను ఉంచడం దండుగ, వలలు పరచడానికి ఇచ్చేయాలని మాకు చిన్నాయిన వరసయ్యే ఒకాయన పట్టుబట్టాడు. మన వైపు మిరుగు నాడు, అదే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, ఇంటింటా చేప ముక్క తినాల్సిందే కదా, వాన రాకపోయినా చేప రావాలి. ఆ మిరుగుకు పొద్దున్నే ఒక పెద్ద వాలుగను తెచ్చి తూము దగ్గర అందరి ముందూ వేస్తానని, వేయలేకపోతే పడవ ఇచ్చేస్తానని బాపు మాట ఇచ్చాడు. వేటంటే ఆయనకు గాలం వేటే. ఆ పడవ పోతే పదిమందిలో ఒకడిగా వల లాగాల్సిందే.

జ్వరమని చెప్పి ఆ రోజు కాలేజీ మానేసి తెడ్డు పట్టాను. నీళ్ళు బాగా తగ్గి, కట్ట దగ్గరి మడుగులోనే లోతు మిగిలింది. తూము దగ్గర జనం గంపలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకు దూరంగా, కట్ట పక్కనే పోతున్నాం. నేను ముందు, నా వెనక బాపు, ఆయన ముఖం తూము వైపు. రెండో చుట్టులో బాపు ఊపిరి బిగపట్టాడు. ఆ వెంటనే దారం కర్రలా బిగుసుకుంది. "పట్టింది బిడ్డా, ఆపకు, గట్లనే నడువు" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఇరవై బారల అవతల నీళ్ళు పగిలి, నా తొడంత లావు చేప వెల్లకిలా మెరిసి మునిగింది. అంత పెద్ద వాలుగను నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడే కట్ట మీద హారన్ వినపడింది. సిద్దిపేట బస్సు. కిటికీల్లో రంగు రంగుల ఓణీలు, రెండు జడలు, అన్నీ నాకు తెలిసిన తలలే. మడుగు కట్టకు ఎంత దగ్గరంటే, పేరు పెట్టి పిలిస్తే వినపడుతుంది. నేను ఆలోచించలేదు, ఆలోచించానని చెప్పుకున్నా నయంగా ఉండేది. తెడ్డు వదిలేసి, పడవ అడుగున ఊరిన నీళ్ళలో పడుకుని, బాపు తువ్వాల తల మీద కప్పుకున్నాను.

పడవ ఆగిపోయింది. దారం రేకు అంచును రాసిన చప్పుడు, ఆ తర్వాత టప్పుమని తెగిన చప్పుడు, తువ్వాల కింద రెండూ విన్నాను. బాపు అరవలేదు, తిట్టలేదు. బస్సు చప్పుడు కట్ట మలుపు దాటేదాకా ఆగి, ఎప్పటి గొంతుతోనే, "బస్సు పోయింది బిడ్డా, లే" అన్నాడు.

ఆయన అడ్డం కూర్చోవడంతో తూము దగ్గరివాళ్ళకు నేను కనపడలేదు. ఏమైందని అడిగితే, "నా చెయ్యి వదులైంది, ముసలితనం" అన్నాడు. నలభై ఐదేళ్ళు కూడా లేని మనిషి. నేను తడిసిన లంగా పిండుకుంటూ పక్కనే నిలబడ్డాను. ఆ సాయంత్రమే పడవ చిన్నాయినకు పోయింది. అవ్వ ఆ ఇత్తడి పళ్ళెం, కత్తెర తెచ్చి ఇంకో బిళ్ళ చేసుకొమ్మని ముందు పెడితే, బాపు పళ్ళెం అటూ ఇటూ తిప్పి చూసి, లోపల పెట్టెయ్యమన్నాడు. వల లాగీ లాగీ పదేళ్ళకు నిజంగానే ముసలివాడయ్యాడు. నేను టీచరునయ్యాను, అబద్ధం చెప్పకూడదని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. బాపు దవాఖానలో మంచం మీద ఉన్న చివరి వారం కూడా చెబుదామని రోజూ అనుకున్నాను, రోజూ పళ్ళరసం తాగించి వచ్చేశాను. ఆయనకు తెలియంది కాదు. నేను చెప్పాల్సింది ఆయన పేరు ఎవరి దగ్గర పాడైందో వాళ్ళకు.

అందుకే ఆదివారం వాడు సామాను సర్దుకుంటుంటే లోపలికి పోయి, అంచు తెగిన ఆ పళ్ళెం తెచ్చి వాడి ఒళ్ళో పెట్టాను. "తాత చెయ్యి వదులు గాలేదురా. తెడ్డు నేను ఇడిసిపెట్టిన" అన్నాను. బస్సు సంగతి కూడా చెప్పాను. వాడు పళ్ళెం అంచు తడుముతూ, నా ముఖం చూడకుండా, "గింత దానికా అత్తా" అన్నాడు. అవును, గింత దానికే.

నిన్న వాడి వెంట రిజర్వాయరు కట్ట మీదికి పోయాను. కార్లు ఆపుకుని జనం పడవల ఫోటోలు తీసుకుంటున్నారు, పడవల్లోని పిల్లలు సిగ్గూ ఎగ్గూ లేకుండా చేతులూపుతున్నారు. వాళ్ళను చూస్తే సంతోషమే కలిగింది, దాని వెనకే నా మీద నాకు అసహ్యం కలిగింది. మా వాడు మోటారు వేసుకుని ఒక్కడే నీళ్ళ మీదికి పోయాడు. ఆ పడవ ఒకే వేగంతో నడుస్తుంది, దారం సడలదు, తెడ్డు పట్టే మనిషే అక్కర్లేదు. ఎవరో చూస్తారని దాక్కునే మనిషి ఇప్పుడు ఆ పడవలో లేదు, మంచిదే. బస్సు పోయింది బిడ్డా, లే అనే మనిషి కూడా లేడు.