ఒక్క తప్పు చెప్పండి

సూపరింటెండెంటుగారు నమూనా బెంచీ మీద కూర్చుని, గట్టిగానే ఉందని మెచ్చుకున్నారు. లేచాక ఆయన తెల్ల ప్యాంటు వెనక రెండు నీలం చారలు కనిపించాయి.

ఆ బెంచీ చేయించింది ఆసుపత్రిలో మందులిచ్చే అక్కయ్య. కిటికీ అవతల ముసలివాళ్లు మోకాళ్లు పట్టుకుని నిలబడుతుంటే, ఇవతల కుర్చీలో కూర్చోబుద్ధి కాక తనూ నిలబడే మందులిస్తుంది. వరండాలో బెంచీలు వేయిద్దామంటే మొదట్లో అందరూ అడ్డం తిరిగినవాళ్లే. ఆవిడ ఎవరినీ ఒప్పుకోమని బతిమాలదు. కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని, "ఇందులో ఒక్క తప్పు చెప్పి పుణ్యం కట్టుకోండి" అంటుంది. తప్పు పట్టమంటే మనవాళ్లకి చేదా? స్ట్రెచర్ తిరగదని వార్డుబాయ్ అంటే వెడల్పు తగ్గించింది. కింద తుడవలేనని ఆయమ్మ అంటే కాళ్లు ఎత్తు చేయించింది. ఇప్పుడు ఆ బెంచీకి ఎవరైనా వంక పెడితే వాళ్లిద్దరే కస్సుమంటున్నారు. ఇక మిగిలింది సూపరింటెండెంటుగారు ఊ అనడమే.

ఆయన మెడ తిప్పి చారలు చూసుకున్నారు. ఆయమ్మ నవ్వు దాచుకోవడానికి బకెట్టు వైపు తిరిగింది.

"ఇంతమందిని అడిగావు కదమ్మా, రంగు ఆరలేదని ఒక్కరూ చెప్పలేదా?"

"ఆ ఒక్క తప్పూ మీకోసం అట్టేపెట్టాం సార్."