ఒకే థాన్, రెండు కత్తెర్లు

మొన్న మొయినాబాద్‌లో మా అక్క ఇంటికి పోయినప్పుడు, మేనకోడలు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఒక ఆపరేటింగ్ సిస్టం నడుస్తుండగానే దాని లోపల ఇంకొకదాన్ని చిన్న కిటికీలో తెరిచింది. అదీ ఒక చేత్తో, రెండో చేత్తో చాయ్ తాగుతూ. నా కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. “అదే డిస్కును బయటగూడ తెరిచిపెట్టినవా బిడ్డా?” అని అడిగితే, “ఏం గాదు మామా, ఎందుకంత పరేషాన్?” అని నవ్వింది. సరిగ్గా అలాంటి కిటికీలోంచే ఒకప్పుడు నేను వాళ్లమ్మ చదువును పారబోసినంత పని చేశానని ఆ పిల్లకేం తెలుసు!

కంప్యూటర్ అంటే బల్ల కింద ఇనుప డబ్బా, బల్ల మీద బుట్టంత మానిటరు, దానిపైన కుట్టుపని చేసిన గుడ్డ అని గుర్తున్నవాళ్లకు ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. చేవెళ్ల నుంచి మెహదీపట్నం పోయే బస్సెక్కితే సగం మంది ఒళ్లో కోచింగ్ నోట్సులే ఉండేవి. మాది చేవెళ్లలో బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. బాపు, ఆయన అన్న పెద్దబాపు కలిసి నడిపేవారు. అక్షరాలకంటే ముందు బేరం నేర్చినవాణ్ని కనుక, కంప్యూటర్‌లో వేసే మెమరీ ముక్క కొనడానికి సికింద్రాబాద్ పోయినా, మౌసు కింద వేసే అట్ట ఊరికే ఇచ్చేదాకా ఆ దుకాణదారుణ్ని వదల్లేదు. అట్ట వచ్చింది, సరే. ముక్క మా కంప్యూటర్‌కు సరిపోలేదు. మార్చుకోవడానికి మళ్లీ పోయినప్పుడు అతను మొదట అట్ట వెనక్కి తీసుకుని ఆ తరవాతే మాట్లాడాడు.

మా దుకాణంలో ఒక కట్టుబాటుండేది. నిండు బట్ట చుట్టను మేము థాన్ అంటాం. ఎవరైనా గిరాకీ ముందు ఒక థాన్ విప్పితే, దానిమీద ఇనుప మీటరు కట్టె అడ్డంగా పెట్టాలి. కట్టె కనబడితే రెండోవాళ్లు దాన్ని ముట్టకూడదు. అయినా “కట్టె పెట్టినవా?” అని ఒకరినొకరు కేకేసి అడుగుతూనే ఉండేవారు. వెనకటికి పెళ్లిళ్ల రద్దీలో బాపు ఈ కొసనుంచి, పెద్దబాపు ఆ కొసనుంచి ఒకే థాన్‌ను కోశారట. నడుమ మిగిలిన గుడ్డ ఇద్దరి గిరాకీల్లో ఒక్కరికీ చాలలేదు. ఆ కథ నేను ఉయ్యాలలో ఉన్నప్పటినుంచి విన్నదే. విని ఏం లాభం?

అక్క అప్పుడు మొయినాబాద్ దగ్గరి కాలేజీలో ఎం.సి.ఏ. ఆఖరి ఏడు. నేను అదే కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటును, అదీ ఎప్పుడు తీసేస్తారో తెలియని కొలువు. ఇంట్లో ఒకే కంప్యూటర్. డిస్కులో ఒక భాగంలో అక్క విండోస్, ఇంకో భాగంలో నా లినక్స్, అదీ అలాంటి ఆపరేటింగ్ సిస్టమే. ఆమెకు కావాలంటే నా పని ఆపి, మిషన్ మొత్తం ఆర్పి మళ్లీ లేపాలి. నాకు కావాలంటే ఆమె లేవాలి. రోజూ ఇదే పంచాయితీ. అప్పుడే ల్యాబులో ఒక సంగతి తెలిసింది: ఆ విండోస్‌ను మళ్లీ కొత్తగా ఎక్కించే పని లేకుండా, డిస్కులో ఉన్నదాన్ని ఉన్నట్టే నా లినక్స్ లోపల ఒక కిటికీలో లేపవచ్చునని. ఒక కంప్యూటర్ ధరకు రెండు! నాలోని బేరగాడు ఆగుతాడా?

మొదట్లో ఆ విండోస్ కిటికీలో లేవగానే తెల్లబోయేది. పరాయి ఇంట్లో కళ్లు తెరిచినట్టు, ఏ సామానూ గుర్తుపట్టక నీలం తెర చూపించి పడిపోయేది. మూడు వారాలు బతిమాలితే దారికొచ్చింది. ఇక అక్క తన కిటికీలో తన పని, నేను వెనక నా పని. అక్క మాత్రం మొదటిరోజే అన్నది: “తమ్మీ, నా ప్రాజెక్టు అంతా గిందులనే ఉన్నది. నీ తెలివి జర నెమ్మదిగ సూపెట్టు. ముందుగాల ఒక సీడీల కాపీ తియ్యరాదు?” రెండుసార్లు తీస్తే రెండు సీడీలు దండగ, పూర్తయ్యాక ఒకేసారి తీద్దామన్నాను.

ప్రాజెక్టు అంటే దవాఖానలో రోగుల వివరాలు రాసుకునే ప్రోగ్రాం. సగం క్లాసుది అదే అయినా, అక్కది మాత్రం ప్రతి వరుసా తను రాసుకున్నదే. రోగుల పేర్లు కావలసి వస్తే మా దుకాణం గిరాకీలను వరసపెట్టి దవాఖానలో చేర్చింది. బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడి ముందు అది నడవాలి. నడవకపోతే ఏడాది పోయినట్టే.

సరిగ్గా ఆ పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం. అక్క ప్రోగ్రాంను అలాగే తెరిచిపెట్టి అన్నానికి లేచింది. డిస్కులో జాగా లేదని విండోస్ గోల పెడుతోంది. అక్కకు మేలు చేద్దామని, కిటికీ జోలికి పోకుండా, నా లినక్స్ వైపు నుంచి అదే భాగాన్ని తెరిచి, అందులో నేను దాచుకున్న పాటలన్నీ తుడిచేశాను. ఇటు నేను తుడుస్తున్నాను, అటు విండోస్ తన లెక్కలో తను రాస్తోంది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. రెండు నిమిషాల్లో అక్క ఫైళ్ల పేర్లన్నీ పిచ్చి గీతలయ్యాయి. తరవాత నీలం తెర. మళ్లీ లేపితే లేవదు.

వంటింట్లోంచి అక్క చెంబు కిందపెట్టిన చప్పుడు వినిపించింది. కరెంటు మీద నెపం పెడదామా అనుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. అక్క వచ్చి తెర చూసింది, నన్ను చూసింది. అంతలో బాపు భోజనానికి వచ్చి ఏమైందని అడిగాడు. కంప్యూటర్ గురించి ఏమీ తెలియని మనిషికి నాకు వచ్చిన దుకాణం భాషలోనే చెప్పాను. ఆయన “అంటే ఒకే థాన్‌ను రెండు దిక్కుల కోసినవన్నట్టు. కట్టె ఏడ పెట్టినవ్‌రా?” అన్నాడు. నేను మళ్లీ కీబోర్డు మీద చెయ్యి వేయబోతే, “ఇగ కత్తెర ముట్టకు. ఎరికున్నోని దగ్గరికి తీస్కపో,” అన్నాడు. ఆ తరవాత ఎన్నో పుస్తకాలు చదివాను. ఆ గడియలో అంతకంటే మంచి సలహా ఏ పుస్తకంలోనూ లేదు.

డబ్బాను పాత చీరలో చుట్టి బస్సెక్కాం. అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కొంచెం పైకి ఎత్తేది. మొయినాబాద్ దాకా నా వైపు చూడలేదు. నేను మాత్రం దారిపొడుగునా దేవుడితో బేరమాడుతూ వచ్చాను: మొత్తం ఇస్తే మంచిదే, లేకపోతే సగమైనా, అదీ కాకుంటే కనీసం ప్రోగ్రాం ఒక్కటి.

కాలేజీలో అందరం అన్నా అని పిలిచే మా ల్యాబు పెద్ద జరిగిందంతా విని, మొదట ఆ భాగాన్నంతా వేరే డిస్కులోకి అచ్చుదించి, ఆ నకలు మీదనే వెతకడం మొదలుపెట్టాడు. “బాపు చెప్పకపోతే ఇంకింత కెలికెటోనివి,” అని నన్నొక చూపు చూశాడు. పొద్దు వాలేసరికి ఫైళ్లు తేలాయి, కానీ పేర్లు లేవు, ఒట్టి నంబర్లు. అక్క ఒక్కొక్కటే తెరిచి చూస్తూ పోయింది. ఎన్నిటి తరవాతో తెరమీద మా దుకాణానికి వచ్చే ముడిమ్యాల అవ్వ కనబడింది, మోకాళ్ల నొప్పులతో సహా. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను తిరిగి చూడలేదు.

ప్రోగ్రాం బతికింది, దానితోపాటు ఇవ్వాల్సిన రిపోర్టు సగమే మిగిలింది. మర్నాడు పరీక్షలో, పోయిన సగాన్ని అక్క బోర్డు మీద సుద్దముక్కతో చెప్పింది. పరీక్షకుడు అడిగితే డిస్కు పాడైంది సార్ అన్నదట, అంతే. రావలసినన్ని మార్కులు రాలేదు. నా పేరు ఆనాడూ చెప్పలేదు, ఈనాటిదాకా చెప్పలేదు.

ఇదంతా తలచుకుంటూ కూర్చున్నానేమో, వంటింట్లోంచి అక్క గొంతు వినబడింది: “మీ మామ అడిగింది చెప్పవే, కట్టె పెట్టినవా?” మేనకోడలికి అర్థం కాలేదు. ఆ లాప్‌టాప్ అలాంటి తప్పు జరగబోతే తనే అడ్డుపడుతుందట. ఒకరు తెరిచింది ఇంకొకరిని తెరవనివ్వదట. మంచిదే. మా దుకాణంలో ఇప్పుడు థాన్లు లేవు, అన్నీ కుట్టిన బట్టలే. ఆ ఇనుప కట్టె కిటికీ రెక్కకు ఊతగా ఉంది. ఇక ఎవరూ ఎవరినీ కేకేసి అడగనక్కర్లేదు. కానీ ఆ కేకలోనే కదా, ఒకే ఇంట్లో ఒకే వస్తువును పంచుకున్న ఇద్దరు, ఒకరి పని మీద ఒకరు కన్నేసి ఉంచింది. నేను మాత్రం ఆ కేక నాకే అన్నట్టు “పెట్టిన అక్కా,” అని గట్టిగా జవాబిచ్చి, చల్లారిన చాయ్ తాగేశాను.