లవంగం నమిలిన నాలుక

కాదండీ, రమ్ము దాన్ని కలిపే బ్లెండర్ నాలుక మీద తయారవుతుందన్న మాట నేను ఒప్పుకోను. ఎన్నిసార్లయినా ఇదే చెబుతాను. మొన్న హైదరాబాదు హెడ్డాఫీసులో కూడా ఇదే గొడవ. టై కట్టుకున్న ఒక పెద్దమనిషి "టేస్టర్‌కి దేవుడిచ్చిన నాలుక ఉండాలి" అని మొదలుపెట్టాడు. ఆ నాలుక నాకుందని ఆయన ఉద్దేశం. పొగిడాడు కదా అని ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. గొంతు పెంచాను, టీ చల్లారింది, ఎవరూ వినలేదు. నాకిప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. ఈ ఒక్క విషయం మీద అరిచీ అరిచీ ముసలివాడిలా అలసిపోయాను. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

1983. వానలు వెనక్కి తగ్గుతున్న రోజులు. వరంగల్ నుంచి మామునూరు పోయే దారిలో, ఊరు దాటాక, రేకుల షెడ్లలో మా బాట్లింగ్ యూనిట్. స్పిరిట్ ట్యాంకర్లలో వచ్చేది. దాన్ని నీళ్లతో పలచన చేసి, రంగుకు క్యారమెల్, అంటే మాడబెట్టిన చక్కెర పాకం కలిపి సీసాల్లో నింపేవాళ్లం. ఆ కలపడమే బ్లెండింగ్, కలిపేవాణ్ణి నేను. చిక్కడపల్లిలో పెరిగాను, బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. వరంగల్ వేశారన్న కోపంతో మొదటి నెలంతా కనిపించినవాళ్ల మీదల్లా అరిచాను. యూనిట్ మొత్తానికి ఒకటే నల్ల ఫోను. దానికి పొడుగు వైరు వేయించుకుని ల్యాబు దాకా మోసుకుపోయేవాణ్ణి. ట్రంక్ కాల్ బుక్ చేయడం, అది కలిసేదాకా కాచుకోవడం, కలిశాక అరవడం. వెనకాల నన్ను 'ఫోన్ సారు' అంటారని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ ఏడు చలికాలానికి స్పైస్డ్ రమ్ కావాలని హెడ్డాఫీసు చెప్పింది. మసాలా రమ్ము. లవంగం, దాల్చినచెక్క, ఎండిన నారింజ తొక్క, కొద్దిగా జాజికాయ. వీటిని పలచని గుడ్డలో మూటకట్టి తొమ్మిది రోజులు స్పిరిట్‌లో నానబెడితే దిగే రసాన్ని ఎక్స్‌ట్రాక్ట్ అంటాం. వ్యాట్‌లో, అంటే పెద్ద తొట్టిలో ఉన్న రమ్ముకు దాన్ని కొలతగా కలపాలి.

చిక్కంతా లవంగంతోనే. నూనె తీసేసిన లవంగాలు కూడా బజార్లోకి వస్తాయి, చూస్తే తేడా తెలియదు. మంచిదైతే గోటితో నొక్కినప్పుడు నూనె చెమరుస్తుంది. నాకది చాలలేదు. మండిబజారు నుంచి తెచ్చిన ప్రతి మూటలోంచీ పది పన్నెండు తీసి కొరికి చూసేవాణ్ణి. పొద్దున తొమ్మిది నుంచి అదే పని. పదకొండుకు టేస్టింగ్. గ్లాసులో కొంచెం రమ్ము, అంతే నీళ్లు, పైన అద్దపు మూత. మూత తీసి ముందు వాసన చూడాలి, దాన్ని నోసింగ్ అంటాం. తర్వాత నోట్లో తిప్పి ఇసుక తొట్టిలో ఉమ్మేయాలి. టేస్టింగ్ ఉన్న రోజు నేను ఆవకాయ ముట్టను, పాన్ వేయను, వాసన సబ్బుతో చేతులు కూడా కడగను. అంత జాగ్రత్తపరుణ్ణి.

మొదటి బ్యాచ్ రోజు ఎంత కలిపినా లవంగం పలకలేదు. ఎక్స్‌ట్రాక్ట్ ఇంకొంచెం పోశాను. మళ్లీ చూశాను. ఇంకొంచెం. మూడోసారికి కుదిరిందనిపించింది.

మా ల్యాబు పక్కనే సీసాలు కడిగే షెడ్డు. పాత సీసాలే ఎక్కువ. ఊళ్లన్నీ తిరిగి గోనెసంచుల్లో వచ్చేవి. ఇళ్లల్లో జనం వాటిలో ఏం పోస్తారో దేవుడికే తెలియాలి. అందుకే కడగడానికి ముందు ప్రతి సీసా మూతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, చెడ్డవాటిని పక్కకు పెట్టడానికి ఒక మనిషి ఉండేది. కొమురమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. కరీమాబాద్ నుంచి నడిచి వచ్చేది. పదకొండేళ్లుగా అదే పని. చేయి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు.

"ఇది గ్యాస్‌నూనె. ఇది ఫినాయిలు. ఇది ఎవడో ముసలాయన మోకాళ్లకు రాసుకునే నూనె, పాపం. ఇండ్ల తేనె పోసిన్రు, ఇది మంచిదే, కడగుండ్రి."

ఆ రోజు వ్యాట్ మూత తెరిచి ఉంది. కొమురమ్మ నీళ్ల కోసం అటుగా పోతూ ఆగింది.

"సారూ, లవంగం జర ఎక్కువైనట్టుంది."

"నువ్వు తాగావా?"

"నేనెందుకు తాగుత? వాసన ఈడిదాకొస్తాంది."

"సీసాలు చూసుకో కొమురమ్మా. ఇది నీ సీసాల పని కాదు."

"సరే తియ్యి. నాకెందుకు" అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

బ్యాచ్ సీసాల్లోకి ఎక్కింది, ఊళ్లకు పోయింది. రెండు వారాల తర్వాత డోర్నకల్ దుకాణం ఆయన ఫోన్ చేశాడు.

"సారూ, మీ కొత్త రమ్ము తాగినోళ్లు మళ్లొస్తలేరు."

"ఎందుకు?"

"దవాఖాన వాసనొస్తాందంటాన్రు. మా దగ్గరికి రైల్వేలోళ్లొస్తరు గదా, ఒక గార్డు సాబ్ అయితే, పన్నునొప్పి పోయింది గని నిషా ఏదిరా అని నన్నే తిడుతాండు."

నాకు నవ్వు రాలేదు. ఫోను పెట్టేసేలోపే మా మేనేజర్ గారు వచ్చి నిలబడ్డారు.

"రమ్ము నువ్వు చూసినవ్ గదా?"

"చూశాను సార్. బాగుంది."

"అయితే సీసాలే. దవాఖాన మందు సీసాలు కలిసినయ్."

నాకూ అదే నిజమనిపించింది. హైదరాబాదుకు కాల్ బుక్ చేసి "బాటిల్ సార్టింగ్‌లో లోపం" అని చెప్పింది నేనే. మేనేజర్ కాదు, నేనే. బాధ్యులెవరో వాళ్లను పనిలోంచి తీసెయ్యమన్నారు. సాయంత్రం కొమురమ్మను పిలిచి రేపట్నుంచి రావద్దన్నారు.

ఆమె మేనేజర్‌తో మాట్లాడలేదు. నా దగ్గరికి వచ్చింది.

"నా చేతిలకెళ్లి పోయిన సీసాల మందు వాసన లేదు సారూ."

"అయితే ఆ వాసన ఎక్కడిది?"

"నన్నడుగుతవేంది? ఆ దినం జెప్పిన గదా. పనికి ఇంకోకాడ పోత, కూలి దొరకకపోదు. గని కొమురమ్మకు ముక్కు పోయింది, అందుకే ఎల్లగొట్టిన్రు అంటరు. పదకొండేండ్ల సంది ఈ ముక్కు మీదనే బతికిన. గది వాపస్ ఇస్తవా?"

దానికి నేను అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను.

నాలుగు రోజుల తర్వాత తన గిన్నె, చెప్పులు తీసుకుపోవడానికి వచ్చింది. నేను రెండో బ్యాచ్ కోసం లవంగాలు కొరుకుతూ కూర్చున్నాను. మధ్యలో ఫ్లాస్కులోంచి టీ పోసుకుని గటగటా తాగాను. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"సారూ, ఆ చాయ పొగలు గక్కుతాంది."

"అయితే?"

"నీళ్లు తాగినట్టు తాగితివి. నాలుక ఉన్నదా, లేదా? ఎప్పటి సంది నములుతాన్నవ్ అవి?"

"పొద్దున్నుంచి. చూసుకోవాలి కదా."

"మా అత్త పన్నునొప్పికి గదే పెట్టుకుంటది. పెట్టుకున్నంక గంటసేపు కూరల ఉప్పేసిన్రో లేదో ఎరుక కాదు ఆమెకు. నీకెట్ల ఎరుకైతది?"

అంతే. గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. నా చెవిలో డోర్నకల్ ఆయన గొంతు వినిపించింది. పన్నునొప్పి పోయింది. నాలుక పైదవడకు ఆనించి చూసుకున్నాను. ఎవరిదో నాలుక నా నోట్లో ఉన్నట్టుంది.

మర్నాడు లవంగం ముట్టలేదు, ల్యాబులోకి కూడా పోలేదు. ప్రతి బ్యాచ్‌లోంచీ సీసాల్లో నింపకముందే వ్యాట్ దగ్గరే కొంచెం తీసి కొత్త గాజు జాడీలో దాచిపెడతాం. కంట్రోల్ శాంపిల్ అంటాం దాన్ని. ఆ జాడీని బయట వేపచెట్టు కిందికి తెచ్చి మూత తీశాను. దంతాల డాక్టరు గది తలుపు తెరిచినట్టు కొట్టింది. ఆ రమ్ము ఏ పాత సీసానీ తాకలేదు. ఈ పరీక్ష ఫోను వచ్చిన రోజే చేయాల్సింది. అయిదు నిమిషాల పని. చేయలేదు, ఎందుకంటే నా నాలుక మీద నాకు అనుమానం రాలేదు. మొద్దుబారిన నాలుకకు తను మొద్దుబారిన సంగతి తెలియదు. ముక్కు సంగతీ అంతే. ల్యాబంతా కమ్ముకున్న లవంగం వాసనలో రోజంతా కూర్చుంటే అది వాసన చెప్పడం మానేస్తుంది.

హైదరాబాదుకు కాల్ బుక్ చేశాను. మధ్యాహ్నానికి కలిసింది.

"తప్పు సీసాలది కాదు సార్. బ్లెండ్‌ది. నాది."

అవతల ఆయన నవ్వాడు. "సీసాలని ఫైల్లో రాసేశామయ్యా. వాషింగ్ సెక్షన్ మనిషి కోసం నీ పేరు పాడుచేసుకుంటావా? ప్రొబేషన్‌లో ఉన్నావు, గుర్తుందా?"

"గుర్తుంది సార్. ఆవిడ సరిగ్గానే..."

మూడు నిమిషాలు అయిపోయాయి, లైను కట్టయింది. మళ్లీ బుక్ చేశాను, ఈసారి లైట్నింగ్ కాల్. అందరికంటే ముందు కలిపే కాల్ అది. మేనేజర్ తల పట్టుకున్నారు. "పిచ్చోనివా? ఎవరన్న పోతె తప్ప లైట్నింగ్ జేస్తరా!" చేస్తారు, నేను చేశాను. అరిచాను కూడా. జీవితంలో నేను అరిచిన అరుపుల్లో పనికొచ్చింది అదొక్కటే. ఫోను పెట్టేసి బ్యాచ్ రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో 'లోపం బ్లెండర్‌ది' అని రాసి సంతకం పెట్టాను. నా ప్రొబేషన్ ఏడాది పొడిగించారు. కొమురమ్మను పిలుచుకోండి అన్నారు.

మేనేజర్ గారి స్కూటరు తీసుకుని కరీమాబాద్ వెళ్లాను. ఆమె గడప ముందు బియ్యం చెరుగుతోంది. తలెత్తి చూసింది గానీ చాట ఆపలేదు.

"ఏంది ఫోన్ సారు, ఫోన్ లేకుండ వచ్చినవ్?"

"పనికి రా కొమురక్కా. తప్పు నాదని రాసిచ్చాను."

"రాసిస్తివా? ఎవరు చదువుతరది?"

ఆమె చాట పక్కన పెట్టింది.

"వస్త. గని ఒక మాట. ఇగ ముందట నేను వాసన జూసినంకనే సీసాల పొయ్యాలె. లేకుంటె మళ్ల నా మీదికే వస్తది. తాగుమంటె తాగ, ముందే జెప్తాన్న."

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. దుకాణాల నుంచి వెనక్కొచ్చిన సరుకులో మామూలు రమ్ము కలుపుతూ పోయాను, ఆమె గ్లాసు మూత తీసి "ఇంకా, ఇంకా" అంటూ పోయింది. ఒకచోట "ఆగు" అంది. అదే ఇప్పుడు మీరు చలికాలంలో తాగే రమ్ము. దాని కొలత కొమురక్క 'ఆగు' అన్నచోట ఉంది. లవంగాలు కొరికే పని నేను సాయంత్రానికి మార్చుకున్నాను, టేస్టింగ్ అయ్యాక.

రిజిస్టర్‌లో 'టేస్టెడ్ బై' అని ఒక గడి ఉంటుంది. రెండేళ్లుగా అందులో నా సంతకమే. ఆమె పేరు కూడా రాయాలని ఎన్ని కాల్స్ చేశానో లెక్కలేదు. వాషింగ్ సెక్షన్‌లో అలాంటి పోస్టు లేదంటారు. పోస్టు పుట్టించండి అంటే, నాలుక నీకుంది కదయ్యా, ఇంకొకరెందుకు అంటారు. మొన్న ఆ టై కట్టుకున్నాయన అన్నదీ అదే. ఫోను పట్టుకుని పట్టుకుని చెవి కాయ కాసింది. కొమురక్కకు చెబితే "నాకు పేరెందుకు సారూ, నువ్వు చాయ మెల్లగ తాగు, చాలు" అంటుంది. ఆమె వదిలేసింది. నేను వదల్లేకపోతున్నాను.

మీరూ ఆ పెద్దమనిషి పక్షమేనా? బ్లెండర్‌ని నేనే అంటారా? అయితే ఒకసారి మామునూరు దారిలోకి రండి. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా మా లవంగాలు నమిలి, పదకొండుకు ఒక గ్లాసు నోట్లో పోసుకుని, అందులో ఏముందో కొమురక్క ఎదుట నిలబడి చెప్పగలరా?