ఊటీకి పోయే దారిలో అత్తగారి ఊరు

కొంపలు మునగడానికి లోకంలో చాలా మార్గాలున్నాయి. కొందరివి వరదల్లో మునుగుతాయి, కొందరివి అప్పుల్లో మునుగుతాయి. మా అనంతపురం జిల్లాలో వరదలొచ్చేంత వానలు లేవు కాబట్టి నేను అత్తగారింటి నేతిగిన్నెలో మునిగాను. ఎట్లా మునిగానో చెబుతాను. మీరు నవ్వితే నాకేమీ అభ్యంతరం లేదు. ఆ ఏడు రోజులూ నేను పడ్డ ఏడుపు మాత్రం అబద్ధం కాదు.

పందొమ్మిది వందల అరవై దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. మాది ధర్మవరం. ఇంట్లో నాలుగు పట్టు మగ్గాలు. నాయన ఒకదాని మీద, నేను ఒకదాని మీద నేసేవాళ్ళం. నాకు పాతికేళ్ళు, పెళ్ళయి ఏడాదిన్నర. నా భార్య సుశీలది హిందూపురం. పెళ్ళయిన కొత్తలో మొగుడి దర్జా చూపిద్దామని, నీకేం కావాలో అడగమన్నాను. నగ అడుగుతుందేమోనని లోపల భయపడుతూనే ఉన్నాను. ఆమె ఊటీ చూడాలంది. ఆమెతో చదువుకున్న పిల్ల ఒకతె ఊటీ పోయి వచ్చి, అక్కడ మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తుందని చెప్పిందట. ఎండకు రాళ్ళు పగిలే ఊళ్ళో పుట్టిన పిల్లకు ఆ మాట మనసులో నాటుకుపోయింది. సరే, తీసుకుపోతానన్నాను. ఆ తర్వాత ఏడాదిన్నరపాటు సుశీల పొద్దున్నుంచి దీపాలవేళ దాకా మా నాలుగు మగ్గాలకూ పట్టుదారం కండెలు చుట్టింది కానీ ఊటీ ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నన్ను ఎక్కువ పొడిచేది.

నేతపనిలో సెలవన్నది లేదు. మగ్గం మీది నిలువు దారాల పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కేలోపు దొరికే ఖాళీయే ఖాళీ. ఆ ఏడు నా మగ్గం పడుగు అయిపోయిన రోజున ధైర్యం చేసి నాయనను అడిగాను. నాయన చాలాసేపు కండె పెట్టే నాడెను అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి ఒప్పుకున్నాడు.

"వచ్చే బేస్తవారం పొద్దున్నే కొత్త పడుగు ఎక్కించల్ల. అప్పటికి నువ్వు ఈడ ఉండల్ల. పెండ్లిసీరె అది. ముహూర్తానికి అందకపోతే నా మాట పోతాది" అన్నాడు.

అంటే ఈ బేస్తవారం, అదే గురువారం, నుంచి బుధవారం దాకా ఏడు రోజులు. మళ్ళీ ఇట్లాంటి వారం ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. ఇక్కడే నా తెలివి నిద్ర లేచింది. మా వీధిలో ఒక బడి అయ్యవారు పెళ్ళాం పిల్లలతో రెండు రోజుల్లో మైసూరు మొత్తం చుట్టి, జ్వరంతో తిరిగొచ్చి పది రోజులు మంచం దిగలేదు. ఆయనను ఏం చూశారని అడిగితే, బస్సు వెనక పరిగెత్తడం తప్ప ఇంకేమీ జ్ఞాపకం లేదన్నాడు. నేను అట్లాంటి తిక్కవాణ్ణి కాదని నిరూపించాలనుకున్నాను. నిదానమే ప్రధానం. ఒక నోటుబుక్కు కొని వారం మొత్తానికీ పథకం రాశాను. రెండు రోజులు మైసూరు, మూడు రోజులు ఊటీ, మిగతాది ప్రయాణం. రోజుకు ఒక్కటే చూడాలి. భోజనం తర్వాత గంట పడక. చాముండి కొండ మెట్లు ఎక్కేటప్పుడు వంద మెట్లకొకసారి కూర్చోవాలి. కూర్చున్నప్పుడు తినడానికి ఏం తీసుకుపోవాలో కూడా రాశాను. ఆ బుక్కులో మొట్టమొదటి పంక్తి ఇది: బేస్తవారం మధ్యాహ్నం హిందూపురంలో అత్తగారింట భోజనం, విశ్రాంతి. సాయంత్రం బండికి బెంగుళూరు ప్రయాణం.

నిజం ఒప్పుకుంటాను. ఆ పంక్తి రాసేటప్పుడు నా కళ్ళ ముందున్నది అత్తగారు కాదు, అత్తగారు చేసే ఓళిగలు, కొందరు బొబ్బట్లంటారే అవి. వాటి మీద పోసే నెయ్యి కూడాను.

సుశీల ఆ పంక్తి చదివి ముఖం చిన్నబుచ్చుకుంది. నేను పట్టించుకోలేదు. బేస్తవారం పొద్దున రైలెక్కాం. అయ్యవారి ఇంట్లో అడిగి తెచ్చుకున్న రెండు స్వెట్టర్లు ఒక సంచిలో వేసుకుని ఆమె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పసిబిడ్డను పట్టుకున్నట్టు. పెనుకొండ స్టేషన్లో బండి ఆగినప్పుడు నేను కిటికీలోంచి కొండనూ దాని మీది కోటగోడలనూ చూపించి, రాజుల కాలంలో ఎండాకాలం వస్తే రాజధానినే ఇక్కడికి మార్చేవాళ్ళేమో, మనం మాత్రం ఊటీకి పోతున్నామని గొప్పలు మొదలుపెట్టాను. ఆమె కొండను చూడలేదు.

"మా ఊర్లో దిగొద్దు. నేరుగా బెంగుళూరికి పోదాం. దిగితే కదలం" అంది.

"పుట్టింటికి పోతాండాం అంటే ఏ ఆడపిల్లయినా ఎగిరి గంతేస్తాది. నువ్వేంది ఇట్లంటావు?"

"మా యమ్మ సంగతి మీకు తెల్దు. వచ్చేటప్పుడు దిగుదాం. ఎన్నిరోజులైనా ఉందాం. పోయేటప్పుడు మాత్రం వద్దు."

నేను ఆమెకు నిదానం గొప్పతనం గురించి పెనుకొండ నుంచి హిందూపురం దాకా ఉపన్యాసం ఇచ్చాను. ఆమె సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. అప్పుడు ఆ కిటికీలోంచి నన్నెవరైనా బయటికి తోసి ఉంటే ఈ కథ లేకపోయేది, నాకూ ఒక కాలు విరగడంతో సరిపోయేది.

మా మామకు హిందూపురంలో చింతపండు మండీ. మంచి మనిషి, మాట తక్కువ, నశ్యం ఎక్కువ. మా అత్తగారికి పంచాంగం ఎక్కువ. అది నాకు అప్పటికి తెలియదు. ఓళిగలు వేడివేడిగా వచ్చాయి. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు. నేను కూర్చుని తిన్నాను, తరిగింది ఊటీ కొండ. ఏడో ఓళిగ తర్వాత లెక్క తప్పింది. పథకంలో రాసుకున్న విశ్రాంతి కాస్త పొడుగైంది. లేచి చూసేసరికి నీరెండ పడుతోంది. గబగబా చొక్కా తొడుక్కుంటుంటే అత్తగారు దీపం ఒత్తి సర్దుతూ వచ్చి, దీపాలు పెట్టేవేళ ఆడబిడ్డను గడప దాటించరు కదా అన్నారు. పైగా బేస్తవారం దక్షిణానికి వారశూల, అటు పోతే కీడు, బెంగుళూరు దక్షిణం. సరే, ఒక్క రాత్రే కదా అనుకున్నాను. మైసూరు రెండు రోజుల్లో ఒకటి కొట్టేశాను. నోటుబుక్కులో ఆ కొట్టివేత చూసి సుశీల స్వెట్టర్ల సంచి మూలన పెట్టింది.

మరునాడు శుక్రవారం. పొద్దున్నే పెట్టె పట్టుకుని నిలబడ్డాను. అత్తగారు నా వంక చూసిన చూపు, నేను ఇంట్లో పొయ్యిలో నీళ్ళు పోసినట్టు ఉంది.

"శుక్రవారం పూట ఆడబిడ్డను పంపుతారా నాయనా? లచ్చుమిని చేతులారా బయటికి తోసినట్లు కాదా? దుడ్లు పోతే మళ్ళా వస్తాయి. లచ్చుమి పోతే వస్తాదా?"

లక్ష్మి కూర్చుంది. మేమూ కూర్చున్నాం. మైసూరు మొత్తం కొట్టేశాను. రాజుగారి ప్యాలెసు ఎక్కడికీ పోదు, మనకు కావలసింది ఊటీ కదా అని సుశీలను ఓదార్చాను. ఆమె నాకు మజ్జిగ తెచ్చిచ్చి పోయింది.

శనివారం. ఇక్కడ మీరు కొంచెం గుండె దిటవు చేసుకోవాలి. అత్తగారే పంచాంగం చూసి శనివారం పొద్దుటి బండికి సరేనన్నారు. నుదుట బొట్టు పెట్టారు, ఒళ్ళో బియ్యం పోశారు, దారికి పులుసన్నం కట్టారు. బండి కూత దూరంగా వినబడుతోంది. నేను ఎడంచేత్తో పెట్టె, కుడిచేత్తో సంచి పట్టుకుని గడప అవతల ఒక కాలు పెట్టాను. వెనకనుంచి మా మామ తుమ్మాడు. ఒక్కటే తుమ్ము.

ఒంటి తుమ్ము ఎంత చెడ్డదో మీకు నేను చెప్పాలా. జంట తుమ్ము అయితే దోషం లేదు, పైగా శుభం. కాబట్టి ఇప్పుడు మా ఊటీ అంతా మా మామ రెండో తుమ్ములో ఉంది. నేను పెట్టె కింద పెట్టి ఆయన దగ్గరికి పోయాను. ఇంకొకటి వస్తుందేమో చూడమని మెల్లగా అడిగాను. ఆయన పాపం ముక్కు ఎగబీల్చి ప్రయత్నించాడు. రాలేదు. నశ్యం డబ్బీ నేనే తీసి చిటికెడు పొడి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. రాలేదు. ఎండలోకి తీసుకుపోయి సూర్యుణ్ణి చూడమన్నాను. ఆయన నోరు తెరిచాడు, కళ్ళు మూశాడు, మొత్తం ముఖం తుమ్ముకు సిద్ధమైంది. నేనూ ఊపిరి బిగబట్టాను.

"పోయిందప్పా" అన్నాడు ఆయన, చాలా బాధగా.

ముప్పై ఏళ్ళుగా నశ్యం పీలుస్తున్న ముక్కు అది, తుమ్మడమే మరిచిపోయింది. ఆ ఒక్కటీ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. తుమ్మితే ఊడే ముక్కు ఉంటేనేం ఊడితేనేం అంటారు. ఆయన ముక్కు గట్టిగానే ఉంది, ఊడింది మా ప్రయాణం. కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరమన్నారు అత్తగారు. నేను మంచినీళ్ళు తాగుతుండగా బండి ఆ వీధి చివర పట్టాల మీదుగా పోయింది. దాని పొగ మాత్రం మా వైపు వచ్చింది.

ఆదివారం అమావాస్య. సోమవారం పాడ్యమి. ఈ రెంటికీ వివరణ అక్కర్లేదనుకుంటాను, నాకూ ఎవరూ ఇవ్వలేదు. మంగళవారం ఆడబిడ్డను పంపరు. పంచాంగంలో బయల్దేరదగిన రోజు బుధవారం ఒక్కటే మిగిలింది. బుధవారం నేను ధర్మవరం చేరాల్సిన రోజు. ఈలోగా నాకు పూటపూటా ఓళిగలు పెట్టారు. అవి నోట్లో పెట్టుకుంటే గొంతు దిగేవి కావు. నా పథకం బుక్కులో కొట్టివేతలు తప్ప అక్షరాలు కనబడటం మానేశాయి. రోజుకు ఒక్కటే చూడాలని రాసుకున్నాను కదా, రోజుకు ఒక్కసారి స్టేషన్‌కు పోయి బెంగుళూరు బండిని చూసి వచ్చేవాణ్ణి.

మంగళవారం సాయంత్రం పెరట్లో సుశీల స్వెట్టర్లు మడతపెడుతూ కనబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఊటీ ఎక్కడికి పోతుంది, వచ్చే పడుగుకు పోదామన్నాను.

"ఊటీ పోలేదని కాదు నేను ఏడ్చేది" అంది. "ఈ ఆరు రోజుల్లో మా యమ్మతో మీరు గట్టిగా ఒక్క మాట అన్లేదే, అందుకు ఏడుస్తాండా."

నిజమే. నేను అనలేదు. ఓళిగలు తిని, బొట్టు పెట్టించుకుని, నోటుబుక్కులో కొట్టివేసుకుంటూ కూర్చున్నాను. ఏడాదిన్నరపాటు ఆమె చుట్టిన కండెలన్నీ నా మెడకు చుట్టుకున్నట్టయింది. తిన్నగా వంటింట్లోకి పోయి, అత్తగారి ఎదుట నిలబడి, జీవితంలో మొదటిసారి గొంతు పెంచాను. మీ కూతురు కోరిన కోరిక ఒక్కటే, దాన్ని మీ వారాలూ తుమ్ములూ కలిసి మింగేశాయి, ఆడబిడ్డను పంపరాదంటే ఇక ఎప్పటికీ పంపకండి, నేనొక్కణ్ణే పోతాను అన్నాను. చివరి మాట దగ్గర గొంతు పీలగా అయిపోయింది కానీ చెప్పడం మాత్రం చెప్పాను.

అత్తగారు గరిటె పట్టుకుని అట్లాగే నన్ను చూశారు. కోపం రాలేదు. జాలిపడ్డారు.

"పంపేది కదా నాయనా తప్పు? నేను తోడు పోతే పంపినట్లు ఎట్ల అవుతాది? తల్లీ బిడ్డా కలిసి పోయేదానికి శుక్రవారం అడ్డమా, మంగళవారం అడ్డమా? నన్ను కూడా రమ్మని ఒక్క మాట అడిగింటే శుక్రవారమే పోయుందుము గదా."

ఆరు రోజులు. అత్తగారు ఆరు రోజులూ నా పిలుపు కోసం చూశారు. అల్లుడు పిలవకుండా తానుగా వస్తానంటే మర్యాద కాదని ఊరుకున్నారు. నేను మర్యాద కోసం ఊరుకున్నాను. మా ఇద్దరి మర్యాదల మధ్య మైసూరు పోయింది.

తెల్లవారి బుధవారం. అరగంటలో అత్తగారి మూట తయారైంది. నేనూ వస్తాననడానికి లేదు, ధర్మవరంలో నాయన మాట నా మగ్గం మీద ఉంది. సుశీల నా వంక చూసి, తానూ తిరిగొస్తానంది. వద్దన్నాను. ఆ వారంలో నేను చేసిన మంచి పని అదొక్కటే. నా పథకం బుక్కు సుశీలకిచ్చాను. అత్తగారికి చలి పడదట, నా వంతు స్వెట్టరు ఆవిడకిచ్చాను. దక్షిణం పోయే బండిలో వాళ్ళిద్దరూ ఎక్కారు. మామ నా పక్కన నిలబడి, బండి కదిలిన తర్వాత తుమ్మాడు. వరసగా రెండు.

నేను ఉత్తరం పోయే బండెక్కి ఒంటరిగా ధర్మవరంలో దిగాను. మా అవ్వ వాకిట్లోనే కూర్చుని ఉంది.

"ఏమ్రా, సుశీల యాడ?"

"ఊటీకి పోయింది అవ్వా."

"ఎవురితో?"

"వాళ్ళమ్మతో."

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. "మరి నువ్వు యాడికి పోయింటివిరా ఏడు దినాలు?" అంది.

తొమ్మిదో నాడు ఊటీ నుంచి కార్డు వచ్చింది. మాట్లాడితే నిజంగానే పొగ వస్తోందనీ, అమ్మ పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉందనీ, ఇంకో నాలుగు రోజులు ఉండమంటోందనీ సుశీల రాసింది. అప్పటికి నేను పెండ్లిసీరె అంచు నేస్తున్నాను. కండెలు నేనే చుట్టుకున్నాను.

అందుచేత అయ్యలారా, అమ్మలారా, తలస్నానం చేసి, తూర్పు ముఖంగా నిలబడి, మగ్గం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో ఏ ఊరికి బయల్దేరినా మొదటి టికెట్టు మా అత్తగారికి కొంటాను. రెండోది నా భార్యకు. బండిలో చోటు మిగిలితే నేనూ పోతాను.