పొగ రాని కుంపటి

ఫేస్‌బుక్‌లో మా ఆడవాళ్ల గ్రూపు ఒకటుంది. వంటింటి చిట్కాలు, పిల్లల జలుబులు, అత్తల మీద ఫిర్యాదులు, అన్నీ అందులోనే. భూపాలపల్లిలో మా క్వార్టర్‌లో కూర్చుని నేను అందరికీ జవాబులు రాస్తుంటాను. బాత్రూం యాసిడ్‌లో బ్లీచింగ్ పొడి కలపొద్దు తల్లీ, ఊపిరాడదు అంటే, మరి బండలు తెల్లగా ఎట్లా అవుతాయని నాతోనే గొడవకు దిగుతారు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అయినా పళ్లు కొరుక్కుంటూ మళ్లీ విడమరిచి రాస్తాను. రాస్తూ భయపడింది మాత్రం ఒక్క చలికాలపు పొద్దుననే.

నెల్లికుదురు వైపు పల్లె నుంచి ఒకామె ఆ పొద్దున సాయం అడిగింది. నోటితో ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే రాసింది.

"మా బిడ్డ బాలింత. నిన్నటి సంది తలకాయ నొస్తాంది అంటాంది, కక్కుతాంది. బయటికొచ్చి కూసుంటె జర తక్కువైతది, లోపలికి వోతె మళ్ల షురూ. పసిపిల్ల గూడ పాలు తాగుతలేదు, ఊకె పంటాంది. ఏం జెయ్యాలె?"

అప్పటికే కింద చిట్కాలు కుప్పపడ్డాయి. నుదుటికి శొంఠి పట్టు వేయమని ఒకరు, చెవుల్లో దూది పెట్టమని ఇంకొకరు. గాలి తాకిందని, తలుపు సందుల్లో బట్టలు కుక్కమని ఒకామె రాస్తే, అందరూ ఔనౌనన్నారు. మా వైపు బాలింతకు గాలి తగలనివ్వరు. తలుపులు మూసి, మంచం దగ్గర బొగ్గుల కుంపటి పెడతారు. తల్లీబిడ్డా వెచ్చగా ఉండాలన్న ప్రేమే తప్ప అందులో ఇంకేమీ లేదు.

బయటికి వస్తే తగ్గుతుందన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. గదిలో కుంపటి పెట్టారా అని అడిగాను.

"పెట్టినం అక్క. పొగ రాకుంట, బొగ్గులు మంచిగ ఎర్రగైనంకనే లోపల వెడుతున్నం."

ఆ జవాబును పైకి చదివాను. మా ఆయన బొగ్గు బాయిలో దిగి పనిచేసి రిటైరైన మనిషి. పక్కనే అన్నం తింటున్నవాడు చెయ్యి కంచంలోనే ఆపేశాడు.

"పొగ లేకున్నా విషపు గ్యాస్ ఉంటది. దానికి వాసన ఉండదు. ముందుగాల తలుపు తియ్యమను."

తలుపులన్నీ బార్లా తెరవండి, తల్లినీ పిల్లనూ వాకిట్లోకి తెండి, కుంపటి బయట పడేయండి, వెంటనే నూట ఎనిమిదికి ఫోన్ చేయండి అని రాశాను. తొందరలో సగం అక్షరాలు తప్పులే. జవాబు లేదు. చూసినట్టు గుర్తు కూడా రాలేదు. మెసెంజర్‌లో కాల్ చేశాను, ఎత్తలేదు. నెల్లికుదురు వైపు అని తప్ప ఆమె ఊరేదో తెలియదు, నంబరు లేదు, ఫొటో స్థానంలో ఒక మందారపువ్వు ఉంది. ఆ పువ్వును పట్టుకుని ఎవరిని అడగాలి?

గ్రూపులో మాత్రం నా మీద విరుచుకుపడ్డారు. పచ్చి బాలింతను చలిలో కూర్చోబెడితే సన్నిపాతం రాదా, వస్తే నువ్వొచ్చి చూస్తావా అని ఒకామె నిలదీసింది. మరోరోజైతే దులిపేసేదాన్నే. ఆ పొద్దున కోపం రాలేదు, భయమేసింది. ఆ తల్లి నా మాట వదిలేసి వీళ్ల మాట వింటే? ఇప్పుడే వెళ్లి తలుపు సందుల్లో చీరలు కుక్కుతుంటే? ఎవరి పిల్లో తెలియదు, ముఖం చూడలేదు. అయినా ఆ పిల్ల నిద్రే నా కళ్ల ముందు ఉంది. లేపండి, లేపండి అని ఫోన్ ముందు గొణుగుతూ కూర్చున్నాను. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. మా ఆయన లేచి పొయ్యి ఆర్పాడు.

ఎండ వాకిట్లోకి వచ్చాక వాయిస్ మెసేజ్ వచ్చింది. నొక్కడానికి ధైర్యం చాలక ఫోన్ ఆయన చేతికిచ్చాను.

"మానుకోట దవాఖానల ఉన్నం అక్క. ఇద్దరికి ఆక్సిజన్ వెట్టిన్రు. ఇప్పుడే పిల్ల ఏడ్సింది."

నేనూ ఏడ్చాను. తరువాత ముఖం కడుక్కుని, జరిగిందంతా గ్రూపులో పెట్టాను. పొగ లేని నిప్పు కూడా మూసిన గదిలో ప్రాణం తీస్తుందని, తలనొప్పీ వాంతులూ వస్తే గాలి తాకిందని కాదు, గాలి చాలడం లేదని అనుమానించాలని రాశాను. దండాలు, మెచ్చుకోళ్లు మొదలయ్యాయి. పొద్దున తిట్టినామె కూడా ఒక దండం పెట్టింది.

సాయంత్రం డోర్నకల్ నుంచి ఒక అమ్మాయి నాకు విడిగా రాసింది. అంతకుముందు ఆమె ఎవరో నాకు తెలియదు.

"పోయిన చలికాలం మా బాబు గిట్లనే నిద్రలనే పానం ఇడిసిండు అక్క. గాలి తాకిందనుకున్నం. తలుపు సందులల్ల బట్టలు నేనే వెట్టిన."

నీకు తెలియదు కదమ్మా అని టైపు చేసి కొట్టేశాను. ఆ మాటతో ఆమెకు ఏం ఒరుగుతుంది? తను కుక్కిన బట్టలే బాబు ప్రాణం తీశాయని ఆమెకు తెలిపింది నా పోస్టే. నంబరు అడిగి ఫోన్ చేశాను. అటునుంచి ఏడుపే వినిపించింది. నా ఇంటి సంగతే చెప్పాను.

"మా పెద్దోడు పుట్టినప్పుడు మేం గూడ కుంపటి వెట్టినం బిడ్డా. అప్పట్ల మాది రేకుల ఇల్లు, అన్ని సందులే. గందుకే బతికిండు."