చేతికి గడియారం, నోట్లో ప్రశ్న

మా బాబాయి చేతికి గడియారం ఉంది. అయినా ఎదురుపడ్డవాడినల్లా టైమడుగుతాడు. పొద్దున్నే పాలవాణ్ణి, పన్ను పీకించుకుంటూ డాక్టరుగారిని, ఒకసారి లిఫ్టులో ఇరుక్కుపోతే బయటికి లాగుతున్న మనిషిని కూడా అడిగాడు.

"మరి చేతికున్నదేమిటండీ?" అని పిన్ని అరుస్తుంది.

"అది టైమే చెబుతుంది. మనిషి సంగతి చెప్పదు."

బాబాయీ నేనూ పనిచేసే మోటార్ల కార్ఖానాలో ఆయన టెస్టింగ్ గదికి పెద్ద. మోటారు లోపల అయస్కాంతాలున్న ఇరుసు ఏ కోణంలో ఉందో, ఎంత వేగంగా తిరుగుతోందో తెలియడానికి మామూలుగా సెన్సర్ పెడతారు. బాబాయి దాన్ని పీకేస్తాడు. అయస్కాంతం తిరిగితే తీగచుట్టలో కాస్త వోల్టేజీ పుడుతుందట. ఆ లెక్క చాలట.

ఆ గదిలో అడుగుపెట్టాలంటే నాకు భయం. ఆయన తలుపుకు వీపు పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. ఓ రోజు చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి వెనకాల నిలబడ్డాను.

"టైమెంతరా?"

"నా... నాలుగు."

"ఎడమకాలు బెణికిందా? కూర్చో."

ఆ సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు.

అమ్మ పోయాక పనికి వెళ్ళడం మానేశాను. కర్టెన్లు దించేసి గదిలో కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు, తినబుద్ధయ్యేది కాదు. ఇక ఇలాగే ఉండిపోతానేమో అనిపించేది. ఆ మసక వెలుతుర్లో ఫోన్ మోగేది.

"టైమెంతరా?"

"తెలీదు బాబాయ్."

"కుర్చీలోంచి లే. కర్టెన్ తియ్యి. మంచినీళ్ళు తాగు."

నేను కుర్చీలో ఉన్నానని ఎవరు చెప్పారు? మంచం కింద, బీరువా వెనక వెతికాను. ఎవరూ లేరు. మర్నాడు మళ్ళీ ఫోన్. "టైమెంతరా? ఆ చొక్కా మార్చుకో, నిన్నటిదే కదా." భయపడి స్విచాఫ్ చేశాను. సాయంత్రం తలుపు మీద రెండు దెబ్బలు, అవతల్నుంచి అదే గొంతు.

"టైమెంతరా?"

తలుపు తీసి అరిచాను. "గోడకు కన్నం పెట్టావా? ఎలా తెలుస్తోంది నీకు?"

"ఆగిపోయిన మోటారులో వోల్టేజీ పుట్టదురా. అప్పుడది ఏ లెక్కకీ అందదు. చిన్న కరెంటుతో తట్టి చూడాలి, జవాబులో దొరికిపోతుంది. నీ గొంతు కుర్చీలో కూరుకుపోయి వచ్చేది."

"మరి చొక్కా?"

"అది ఉత్త ఊహ."

పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాను. బాబాయి నా వైపు చూడనైనా చూడకుండా, "ఆఁ, తిరిగావు," అన్నాడు.

రెండు రోజులుగా ఆయన ఎవర్నీ టైమడగలేదని నిన్న పిన్ని చెప్పింది. వెంటనే ఫోన్ చేశాను.

"బాబాయ్, టైమెంత?"



"వట్టి జలుబేరా," అన్నాడు. "కంగారుపడకు. ముందు కూర్చో."

నేను నిలబడే ఉన్నాను.