ఫ్యామిలీ రూములో రెండో పళ్ళెం

ఆ రోజుల్లో మా కేజీఎఫ్‌లో ఒక ఆడపిల్ల ఒంటరిగా హోటల్లో కూర్చుని రాగిముద్ద తినగలిగిందంటే అదంతా తన ప్రోత్సాహమేనని మా బాబాయి ఈ మధ్య చెప్పుకుంటున్నాడు. మా తమ్ముడి కూతురు, చౌకలో కడుపు నిండే హోటళ్ళంటూ ఫోన్లో వీడియోలు తీస్తుంటుంది. మొన్న బాబాయిని రాబర్ట్‌సన్‌పేట బజారులోని మా పాత మిలిటరీ హోటలు ముందు నిలబెట్టి ఆ హోటలు కథ అడిగింది. (మాంసం వండే హోటలుకు మా వైపు పేరు అదే, సైన్యంతో ఏ సంబంధమూ లేదు.) "మా అన్న కూతుర్ని ఆ కాలంలోనే నేను ధైర్యం చెప్పి ఈడ కూచోబెట్టినా" అన్నాడు ఆయన, మీసం సవరించుకుంటూ. చూసినవాళ్ళంతా దండాలు పెట్టే బొమ్మలు పంపారు. పెట్టండి, నాకేం. జరిగింది మాత్రం అది కాదు.

నాకప్పుడే ఆ బజారు వెనక ఒక ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం విరామంలో ఆ హోటలుకు పోయేదాన్ని. ఆడవాళ్ళ కోసం లోపల 'ఫ్యామిలీ రూము' అని ఒకటుండేది. గది అంటే గది కాదు, అట్టచెక్కలు అడ్డం పెట్టి, ముందు ఒక తెర వేలాడదీశారు (ఆ తెరకు ఎంతమంది చేతులు తుడిచారో దాని వాసనే చెప్పేది). ముద్ద లోపలికి ఒకసారి వచ్చేది, దానిలోకి పులుసు, అదే మా వైపు సారు, మరెప్పుడో వచ్చేది. ఈలోగా ముద్ద చల్లారి, విసిరితే తల పగిలేంత గట్టిపడేది. పొయ్యి పక్కన హాల్లో కూర్చుంటే పొగలు కక్కే ముద్ద, దానిమీద మటన్ సారు, వేలు కాలుతుంటే ముంచి మింగడం. నేను హాల్లో కూర్చున్నది అందుకు. స్త్రీ స్వేచ్ఛ గురించి తర్వాత కాలేజీ సెమినార్లలో చాలా మాట్లాడాను కానీ, ఆ రోజు నా పోరాటమంతా వేడి ముద్ద కోసమే.

బజారులోనే బట్టల కొట్టు నడిపే బాబాయి ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, అమ్మ ముందు కూలబడ్డాడు. "వదినా, నీ కూతురు మిలిటరీ హోటల్లో మొగోళ్ళ మధ్య కూచోని ముద్ద మింగతా ఉండాది. చూసినోళ్ళు నన్నడగతా ఉండారు."

"చూసినోళ్ళు యాడ కూచోని చూసిరి బాబాయ్?" అన్నాను.

"చూసినావా వదినా, ఇంగ దానికి నోరు కూడా వచ్చె."

గనిలో రాత్రి షిఫ్టుకు పోయేముందు మంచం మీద పడుకున్న నాన్న కళ్ళు తెరవకుండానే తీర్పు చెప్పాడు. "తింటే రూములో తిను. ఇంగొకసారి ఈ మాట నా చెవిన పడిందంటే ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండు." నాన్న రెండోమాట చెప్పే మనిషి కాదు. ఉద్యోగం పోతే నాకు మిగిలేది మేనమామలు తెచ్చే సంబంధాలూ, అమ్మ చేతి చల్లారిన ముద్దా. సరేనన్నాను.

మర్నాడు శనివారం. మా ఇంట్లో శనివారమంటే ఒక్కపొద్దు. వేంకటేశ్వరస్వామికి మొక్కి నాన్నా బాబాయీ పగలంతా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టరని, ఊరంతా చెప్పుకుని అమ్మ మురిసిపోయేది. ఆ పుణ్యంలో నాకు వాటా లేదు కాబట్టి హోటలుకు పోయి, బుద్ధిగా ఫ్యామిలీ రూము వైపు నడిచాను. గల్లా దగ్గర కూర్చున్న హోటలు తాత లేచి అడ్డం వచ్చాడు.

"ఈ దినం రూము వద్దమ్మా. హాల్లోనే కూచో. పొయ్యి పక్కనే కుర్చీ ఏపిస్తా."

వారమంతా లోపలికి పో తల్లీ అని నా ప్రాణం తీసిన మనిషి ఇతడే. నేను మాట వినే రోజునే వద్దంటే ఊరుకుంటానా? "రూము ఆడోళ్ళకా, మీ ఇష్టానికా?" అని తెర లాగేశాను.

లోపల బాబాయి. చేతిలో ముద్ద, ముద్దకు సారు, సారులో ఎముక. ఎదురుగా ఇంకో పళ్ళెం, సగం తిన్న ముద్ద మీద ఇంకా ఆవిరి లేస్తోంది. దాని ముందున్న కుర్చీ ఖాళీ. వెనక తలుపు మాత్రం ఊగుతోంది.

"డాక్టరు చెప్పినాడమ్మా" అన్నాడు బాబాయి, మింగి. "శనివారం శనివారం రక్తం తగ్గతా ఉండాదంట."

"ఆ రెండో పళ్ళెం ఎవరిది?"

"శ్రీనివాసపురం మామిడి మండీ ఆయన. బస్సుకు టైమైందని ఎల్లిపోయినాడు."

"చెయ్యి కూడా కడగకుండానా?"

బాబాయి ఎముక చీకడంలో పడ్డాడు. నేను నా ముద్దను హాల్లోకి తెప్పించుకున్నాను. ఇక ఎవరి చోటు వారిది, ఆయన తెర వెనక, నేను పొయ్యి పక్కన. ఆయన మొన్న వీడియోలో చెప్పిన ధైర్యం ఇదే.

ఆ రాత్రి పూజ అయ్యాక అమ్మ ఒక్కపొద్దు అన్నం వడ్డిస్తుంటే, నాన్న తలెత్తకుండా అన్నాడు: "నువ్వు హాల్లోనే తినమ్మా. ఆ రూములో ఫ్యాను కూడా లేదు."

అమ్మ గరిట పట్టుకుని ఆగిపోయింది. నేను పప్పు అడిగాను.

ఇప్పుడు ఆ ఫ్యామిలీ రూములో ఏసీ పెట్టారు. అక్కడ కూర్చుంటే అదే ముద్దకు ధర ఎక్కువ. నేనిప్పటికీ హాల్లోనే తింటాను. చుట్టూ కాలేజీ ఆడపిల్లలు ఫోన్లు చూసుకుంటూ, ముద్దను నములుతూ (నమలకూడదమ్మా, మింగాలి అని చెప్తే ఆంటీ అంటారు) కూర్చునుంటారు. ఒక్కోసారి ఆ వెనక తలుపు గాలికి ఊగితే నాకు నవ్వొస్తుంది. అడుగుదామంటే నాన్న ఇప్పుడు లేడు, బాబాయిని అడిగితే మామిడి మండీ ఆయననే పట్టుకుని వేలాడతాడు. కంచంలో మెతుకు వదిలితే మమ్మల్ని లేవనిచ్చేవాడు కాదే నాన్న, అంత వేడి ముద్దను సగంలో వదిలేసి ఆ తలుపు గుండా పరుగెత్తింది మా అమ్మకు భయపడా, నాకు భయపడా?